గట్టి మంచు బాటల మీద స్నోమొబైల్ వేడెక్కకుండా: ఐస్ స్క్రాచర్లను ఎంచుకోవడం, బిగించడం, వాడటం

బయట మైనస్ 20 డిగ్రీలు. ఊపిరి హెల్మెట్ అంచున మంచుగా పేరుకుపోతోంది. వేళ్లకు స్పర్శ తెలియడం లేదు. ఎదురుగా డిస్‌ప్లేలో మాత్రం ఇంజన్ వేడెక్కిపోయిందని ఎర్ర దీపం వెలుగుతోంది. అమెరికాలోని మిన్నెసోటాలో స్నోమొబైల్, అంటే మంచు మీద నడిచే బండి, కొన్న మొదటి ఏడాది, డులూత్ నుంచి గ్రాండ్ మరే వైపు వెళ్లే నార్త్ షోర్ బాట మీద నాకు ఎదురైన దృశ్యం ఇది. గడ్డకట్టే చలిలో ఇంజన్ ఎలా కాగుతుందో అర్థంకాక, బండి ఆపి సెన్సరే పాడైందని తేల్చేసుకున్నాను. సెన్సర్ బాగానే ఉంది. తెలియనిది నాకే.

కారులో ఇంజన్ వేడిని రేడియేటర్ గాలికి వదిలేస్తుంది. ద్రవంతో చల్లబడే స్నోమొబైళ్లలో చాలావాటికి ఆ పద్ధతి లేదు. వాటిలో కూలెంట్ సీటు కింద ఉండే పొడవాటి అల్యూమినియం టన్నెల్ లోపలి హీట్ ఎక్స్ఛేంజర్ల గుండా ప్రవహిస్తుంది. కింద తిరిగే ట్రాక్, అంటే బండిని నడిపే వెడల్పాటి రబ్బరు బెల్టు, మంచును పైకి చిమ్ముతుంది. అది ఎక్స్ఛేంజర్లకు తగిలి కరుగుతూ వేడిని లాక్కుంటుంది. ఇక్కడ పని చేసేది మంచు చల్లదనం కన్నా కరగడమే. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. అంత వేడితో కిలో నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. కాబట్టి చలిగాలి ఎంత కొట్టినా పెద్దగా ఒరిగేది లేదు, గుప్పెళ్లతో మంచు పొడి తగులుతూ ఉంటే మాత్రం ఇంజన్ హాయిగా ఉంటుంది.

మెత్తటి మంచులో ఈ ఏర్పాటుకు తిరుగులేదు. చిక్కంతా గట్టి బాటతోనే. గ్రూమర్ యంత్రం రాత్రిపూట చదును చేసిన బాట తెల్లవారేసరికి సిమెంటు గచ్చులా బిగుసుకుంటుంది. మార్చిలో పగలు కరిగి రాత్రి గడ్డకట్టే రోజుల్లో మరీ అధ్వానం. గాలి ఊడ్చేసిన సరస్సు మంచు కూడా అంతే. ట్రాక్ ఎంత తిరిగినా పైకి లేచే పొడి ఉండదు. అప్పుడు ఇంజన్‌తో పాటు, తరచుగా ఇంజన్ కన్నా ముందే, ఇంకొకటి దెబ్బతింటుంది. సస్పెన్షన్‌లో రెండు అల్యూమినియం పట్టాలు ఉంటాయి. వాటి అడుగున హైఫాక్స్ అనే ప్లాస్టిక్ పట్టీలు తొడిగి ఉంటాయి. ట్రాక్‌కు ఉన్న లోహపు క్లిప్పులు ఈ పట్టీల మీదుగా జారుతూ పోతాయి. వాటి మధ్య కందెన మంచే. అది అందకపోతే రాపిడికి హైఫాక్స్ మెత్తబడి, కరిగి, క్లిప్పులకు అంటుకుంటుంది. ఈ పట్టీలను చేసే పాలిథిలిన్ 130 డిగ్రీలు దాటగానే కరిగిపోతుంది. కాలిన ప్లాస్టిక్ వాసన ఒకసారి ముక్కుకు తగిలితే మరచిపోరు. ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు బండి బరువెక్కుతుంది. దిగి చూస్తే క్లిప్పుల మీద నల్లటి చారలు కనిపిస్తాయి.

ఐస్ స్క్రాచర్ చేసే పని మన పొలంలో దంతె చేసే పనే. పట్టాలకు రెండు పక్కలా బిగించిన చువ్వలు గానీ కేబుళ్లు గానీ ట్రాక్ అంచుల వెంట నేలను గీరుతూ పోతాయి. వాటి మొనలు గట్టి మంచును పొడిచేసి లేపితే, ఆ పొడి ట్రాక్ మీదకీ, హైఫాక్స్ మీదకీ, ఎక్స్ఛేంజర్ల మీదకీ చేరుతుంది.

1. ముందుగా మీకు ఇవి అవసరమో కాదో తేల్చుకోండి

బండి వేడెక్కుతోంది కదా అని నేరుగా స్క్రాచర్లు కొనకండి. ఒక చిన్న పరీక్ష చాలు. ఉష్ణోగ్రత పెరిగినప్పుడు వదులు మంచు ఉన్న చోటికి, బాట అంచుకో, ఎవరూ తొక్కని సరస్సు ఒడ్డుకో వెళ్లి కొంచెం దూరం నడపండి. ఒకటి రెండు నిమిషాల్లో అంకె గబగబా దిగితే బండికి కావలసింది మంచే, స్క్రాచర్ పని చేస్తుంది. మెత్తటి మంచులో కూడా దిగకపోతే లోపం వేరే చోట ఉంది. కూలెంట్ తగ్గి ఉండవచ్చు, గొట్టాల్లో గాలి బుడగ చిక్కి ఉండవచ్చు, థర్మోస్టాట్ తెరుచుకోకపోవచ్చు. ఆ జబ్బుకు స్క్రాచర్ మందు కాదు.

వెనక వేలాడే రబ్బరు తెర, అంటే స్నో ఫ్లాప్, చిరిగిందేమో కూడా చూడండి. ట్రాక్ చిమ్మిన మంచు వృథాగా వెనక్కి పోకుండా టన్నెల్ లోపలే తిరిగేలా ఆపేది అదే. అందం కోసం దాన్ని కత్తిరించేసి, ఆ తర్వాత బండి కాగుతోందని వాపోయేవారిని చూశాను.

ఫ్యాన్‌తో చల్లబడే ఇంజన్ ఉంటే, ఇంజన్ కోసం స్క్రాచర్ అక్కర్లేదు. హైఫాక్స్ కోసం మాత్రం కావాలి. అదనంగా రేడియేటర్ ఉన్న బండికీ ఇదే మాట వర్తిస్తుంది. ఇంజన్ చల్లగానే ఉంటుంది కాబట్టి అక్కడ ఎర్ర దీపం మిమ్మల్ని హెచ్చరించదు, హైఫాక్స్ చడీచప్పుడు లేకుండా అరిగిపోతుంది.

2. మీ బండి తీరు తెలుసుకోండి

అన్నిటికన్నా త్వరగా వేడెక్కేవి కొండల కోసం చేసిన బండ్లు. 155, 165 అంగుళాల పొడవాటి ట్రాక్, దాని మీద రెండున్నర మూడు అంగుళాల ఎత్తు రబ్బరు పళ్లు, బరువు తగ్గించడానికి చిన్నవి చేసిన ఎక్స్ఛేంజర్లు వాటి సొత్తు. నడుము లోతు పొడి మంచులో అవి రాజాల్లా తిరుగుతాయి. కానీ ఆ కొండ దాకా చేరాలంటే తరచుగా పది పదిహేను కిలోమీటర్ల గట్టి బాట దాటాలి, అక్కడే ఉక్కిరిబిక్కిరి అవుతాయి. మీది అలాంటి బండి అయితే స్క్రాచర్లు కావాలా వద్దా అన్న ఆలోచనే అక్కర్లేదు.

బాటల కోసం చేసిన 129, 137 అంగుళాల బండ్లలో పళ్లు పొట్టిగా, ఎక్స్ఛేంజర్లు ఉదారంగా ఉంటాయి. ట్రాక్‌కు కార్బైడ్ (అతి గట్టి లోహ పదార్థం) స్టడ్లు, అంటే మొనదేలిన మేకులు, ఉంటే అవీ కొంత మంచును తవ్వి పైకి పంపుతాయి. వీటికి సీజన్‌లో ఏ పదిసార్లో స్క్రాచర్ అవసరం పడుతుంది, కానీ ఆ పదిసార్లూ గట్టిగానే పడుతుంది.

మీ బండి మామూలుగా ఎంత వేడిమి మీద నడుస్తుందో ఒక కాగితం మీద రాసుకోండి. టూ స్ట్రోక్ ఇంజన్ మంచి మంచు మీద సాధారణంగా 50, 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఫోర్ స్ట్రోక్‌లు అంతకన్నా ఎక్కువ మీద నడుస్తాయి. హెచ్చరిక ఎక్కడ మొదలవుతుందో మోడల్‌ను బట్టి మారుతుంది, అది మాన్యువల్‌లో ఉంటుంది. అమెరికాలో కొన్న బండి ఫారెన్‌హీట్‌లో చూపిస్తుందని గుర్తుంచుకోండి: 130 అంటే 54, 200 అంటే 93. డిస్‌ప్లేలో 130 చూసి గుండె ఆగినంత పని అయిన తెలుగు మిత్రుడొకాయన ఉన్నారు. ఆయన బండికి ఏ జబ్బూ లేదు.

3. మూడు రకాలు, మూడు స్వభావాలు

మొదటిది స్ప్రింగ్ చువ్వ. గట్టి ఉక్కు చువ్వను మొదట్లో స్ప్రింగులా చుట్టి, చివర కార్బైడ్ మొన అతికిస్తారు. నేలను బలంగా అదుముతుంది కాబట్టి గాజులాంటి మంచును కూడా గీరుతుంది, పొడి బాగా లేపుతుంది. కానీ మొండి ఘటం, వంగదు. రాయికో, బాటకు అడ్డంగా ఉన్న రైలు పట్టాకో తగిలితే వంకర పోతుంది, లేదా విరుగుతుంది.

రెండోది కేబుల్. పేనిన స్టెయిన్‌లెస్ స్టీల్ తీగకు చివర కార్బైడ్ మొన ఉంటుంది. అడ్డం వస్తే ఒదిగి, మళ్లీ తన స్థానానికి వస్తుంది. అదుము కాస్త తక్కువ కాబట్టి మరీ రాతిలాంటి మంచు మీద చువ్వ లేపినంత పొడి లేపకపోవచ్చు. వాడగా వాడగా తీగ పోగులు విడిపోతాయి.

మూడోది బండి ముందు ఉండే జారుడు పలకలకు, అంటే స్కీలకు, బిగించేది. ట్రాక్‌కు ముందే గీరి పొడిని వెనక్కి పంపుతుంది. పట్టాల దగ్గర చోటు లేని బండ్లకు పనికొస్తుంది. కానీ పొడి ట్రాక్‌ను చేరేలోపు చాలా భాగం గాలిపాలవుతుంది. పట్టాలకు బిగించే వీలు ఉన్నప్పుడు దీని జోలికి పోకపోవడం మంచిది.

4. ఎంపికను తేల్చేది రివర్స్

దుకాణంలో అందరూ అడిగేది ఏది ఎక్కువ గీరుతుంది అని. అడగవలసింది బండి వెనక్కి నడిపితే దీనికి ఏమవుతుంది అని. స్క్రాచర్ మొన వెనక్కి వాలి ఉంటుంది. ముందుకు పోతున్నంతసేపు అది వెనక ఈడ్చుకుంటూ వస్తుంది. వెనక్కి నడిపిన క్షణంలో అదే మొన నేలలో గునపంలా గుచ్చుకుంటుంది. చువ్వ రకం అయితే వంగి ట్రాక్ కిందికో, ట్రాక్‌లోకో దూరుతుంది. ట్రాక్‌లో చిక్కిందంటే ఆ రోజుకు ప్రయాణం ముగిసినట్టే.

పాత బండ్లలో వెనక్కి నడపడం అరుదు, చాలా వాటికి రివర్సే ఉండేది కాదు, దిగి చేతులతో లాగేవారు. ఇప్పటి టూ స్ట్రోక్‌లలో ఒక బటన్ నొక్కితే ఇంజనే ఎదురు దిశలో తిరగడం మొదలుపెడుతుంది. పని అంత సులువైంది కాబట్టే స్క్రాచర్ సంగతి మరచిపోతాం. పెట్రోలు బంకు దగ్గర నలుగురు మిత్రులు వేచి చూస్తుంటే, దిగి రెండు పక్కలా చువ్వలు ఎత్తి కొక్కేనికి తగిలించి, అప్పుడు వెనక్కి తీసే ఓపిక ఎవరికి ఉంటుంది? నాకు లేదని నా మొదటి జత చువ్వలు నిరూపించాయి. ఎడమది బంకు దగ్గరే విరిగింది.

అందుకే నా మాట ఇది: బాటల మీద తిరిగేవారిలో చాలామందికి, రివర్స్ చేసినా తట్టుకుంటుందని తయారీదారు స్పష్టంగా రాసిన కేబుల్ రకమే తగినది. కొంచెం తక్కువ పొడి లేపినా పర్వాలేదు. ఎక్కువ పొడి లేపి జనవరిలోనే విరిగే దానికన్నా, మార్చి దాకా బండికి అంటిపెట్టుకుని ఉండేదే ఎక్కువ చల్లబరుస్తుంది. దానితో కూడా రెండు మూడు మీటర్లకు మించి వెనక్కి నడపకండి. గాలి ఊడ్చిన సరస్సుల మీద గంటల తరబడి పోయేవారు, దిగి ఎత్తి పెట్టే అలవాటు ఉన్నవారు చువ్వ రకం ధైర్యంగా తీసుకోవచ్చు.

కొనేముందు చూడవలసినవి ఇంకో రెండు. ఎత్తి పెట్టే కొక్కేన్ని శీతాకాలపు చేతి తొడుగులతో వేసి చూడండి, తొడుగు తీస్తే గానీ పట్టు దొరకనిది మైనస్ 20లో పనికిరాదు. మొనలు, కేబుళ్లు విడిగా దొరుకుతాయో లేదో కూడా అడగండి, ఒక్క మొన అరిగినందుకు జత మొత్తం కొనవలసి రావడం చిరాకు.

5. బిగించడం

చాలా బండ్ల పట్టాలకు కంపెనీవారే స్క్రాచర్ కోసం రంధ్రాలు వేసి ఉంచుతారు. అవి ఉంటే మీ మోడల్‌కు సరిపోయే జత తెచ్చి బోల్టులు బిగించడమే, ఈ మెట్టు పది నిమిషాల పని. రంధ్రాలు లేకపోతే కాస్త నిదానం కావాలి.

బండి వెనక భాగాన్ని స్టాండు మీదకు ఎత్తండి, ట్రాక్ గాలిలో వేలాడాలి. స్క్రాచర్‌ను పట్టా ముందు సగంలో, నేలకు సమాంతరంగా ఉన్న భాగం మొదలయ్యే చోటికి దగ్గరగా ఆనించి చూడండి. ఎంత ముందుకు ఉంటే, లేచిన పొడి అంత ఎక్కువ హైఫాక్స్ పొడవును, అంత ఎక్కువ టన్నెల్‌ను తడుపుతుంది. మరీ వెనక పెడితే పొడి స్నో ఫ్లాప్ కింద నుంచి బయటికి పోతుంది, వెనక వచ్చేవారి ముఖాన కొట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు.

గుర్తు పెట్టేముందు బండిని కిందికి దించి, మీ బరువున్న మనిషిని సీటు మీద కూర్చోబెట్టండి. సస్పెన్షన్ కుంగినప్పుడు మొన నేలను ఆనించి, చువ్వ లేదా కేబుల్ కొద్దిగా వంగాలి. మొన వెనక్కి ఏటవాలుగా ఉండాలి. నిటారుగా దిగితే ప్రతి గడ్డకూ తగులుకుంటుంది. మొనకూ ట్రాక్ అంచుకూ మధ్య ఖాళీ ఉండాలి. ఆ ఖాళీని స్టాండు మీద కాకుండా కుంగిన స్థితిలోనే చూడండి, ఎందుకంటే గుంతలో పడ్డప్పుడు బండి ఉండేది ఆ స్థితిలోనే.

రంధ్రం వేసేటప్పుడు సస్పెన్షన్ ఆర్ముల బోల్టులకు, ఇప్పటికే ఉన్న రంధ్రాలకు దూరం పాటించండి. రెండు రంధ్రాలు పక్కపక్కనే పడితే పట్టా అక్కడే చిట్లుతుంది. హైఫాక్స్ తొడిగిన కింది అంచు వైపు పోకండి. డ్రిల్ బిట్‌కు రంగు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకుంటే, పట్టా దాటగానే లోపలి షాక్ అబ్జార్బర్‌ను గుచ్చే ప్రమాదం ఉండదు. బిట్ పరిమాణం, బోల్టు బిగింపు కిట్‌తో వచ్చిన కాగితంలో ఉన్నట్టే పాటించండి. రంధ్రం అంచులను ఆకురాయితో నున్న చేసి, లాక్ నట్ వాడండి. బండి వారంటీలో ఉంటే డ్రిల్ పట్టుకునేముందు అమ్మినవారిని ఒక మాట అడగండి.

చివరగా ట్రాక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా తగిలిన శబ్దం వస్తే మళ్లీ మొదటికి రావలసిందే. ఇంజన్ వేసి గాలిలో ట్రాక్ తిప్పి చూడాలన్న సరదా వద్దు. ఊడిన స్టడ్ తూటాలా వెనక్కి ఎగురుతుంది.

6. పని చేస్తున్నాయా?

గట్టిగా ఉన్న ఒకే బాట ముక్క, ఒకే ఉదయం, ఒకే వేగం. ముందు స్క్రాచర్లు ఎత్తి ఐదు కిలోమీటర్లు, తర్వాత దించి అదే ఐదు కిలోమీటర్లు. మొదటి పరుగులో అంకె హెచ్చరిక దాకా పోయేలా ఉంటే అక్కడే ఆపేయండి, పరీక్ష కోసం ఇంజన్‌ను బలి పెట్టకండి.

అంకెతో పాటు కళ్లతోనూ చూడండి. స్క్రాచర్లు సరిగా పని చేస్తే పాదాలు పెట్టుకునే పలకల మీద సన్నటి తెల్లటి పొడి పేరుకుంటుంది. ఆపి, ఇంజన్ కట్టేసి, టన్నెల్ కిందికి చూస్తే ఎక్స్ఛేంజర్ల మీద తడి, దాని చుట్టూ కరుగుతున్న మంచు పెచ్చులు కనిపించాలి. హైఫాక్స్‌ను వేలితో ముట్టుకుంటే చల్లగా, తడిగా ఉండాలి. పొడిగా, వెచ్చగా తగిలితే మొనలు నేలను సరిగా ఆనడం లేదన్న మాట.

7. బాట మీద

వేడెక్కాక దించడం ఆలస్యమే. గట్టి బాట మొదలవగానే దించండి. తారురోడ్డు దాటేటప్పుడు, బండిని ట్రైలర్ మీదకు ఎక్కించేటప్పుడు ఎత్తండి. కార్బైడ్ మొన తారును గీస్తుంది, తారు మొనను తినేస్తుంది, రెండు పక్కలా నష్టమే. లోతైన మెత్తటి మంచులోకి దిగేముందు కూడా ఎత్తండి, అక్కడ వాటి అవసరం లేదు, చెట్టు వేరుకు తగులుకునే అవకాశం మాత్రం ఉంది.

స్క్రాచర్లు ఉన్నా ఎర్ర దీపం వెలిగితే కంగారు పడకండి. వేగం తగ్గించి, బాట కుడి అంచున వదులు మంచు మీదుగా పొండి. అది కూడా లేకపోతే ఆపి ఇంజన్ కట్టేసి, చేతులతో మంచు తోడి టన్నెల్ పైన, పాదాల పలకల మీద పోయండి. కూలెంట్ మూత మాత్రం తీయకండి, మరుగుతున్న ద్రవం ముఖం మీదకు చిమ్ముతుంది. మిన్నెసోటా, విస్కాన్సిన్ బాటలు చాలాచోట్ల రైతుల సొంత భూముల గుండా పోతాయి. వదులు మంచు కనిపించింది కదా అని గుర్తుకర్రలు దాటి పొలంలోకి వెళితే, ఆ రైతు మరుసటి ఏడాది బాటే మూసేయవచ్చు.

అద్దె బండి తీసుకునే మన కుర్రవాళ్లకు ఒక మాట. తాళం చేతికి ఇచ్చేటప్పుడు స్క్రాచర్లు ఉన్నాయా, ఏ రకం, ఎలా ఎత్తాలి అని అడిగి, ఒకసారి మీ చేత్తో ఎత్తి దించి చూడండి. పార్కింగ్ నుంచి వెనక్కి తీసేటప్పుడే చువ్వ విరిగితే బిల్లు మీకే వస్తుంది. గుల్మార్గ్‌లో డ్రైవర్ వెనక కూర్చుని ఒక చుట్టు తిరిగి వచ్చిన అనుభవం ఇక్కడ అక్కరకు రాదు.

8. ఆలనాపాలన

ప్రతి ప్రయాణం ముందు బోల్టులు ఒకసారి చేత్తో కదిపి చూడండి, ముఖ్యంగా బిగించిన తర్వాత మొదటి ప్రయాణానికి. మొన గుండ్రంగా అరిగితే గీరదు, ఊరికే జారుతుంది. కేబుల్ పోగులు విడితే ఆ సాయంత్రమే మార్చేయండి, తెగిన ముక్క ట్రాక్‌లో చిక్కవచ్చు. హైఫాక్స్ మీద అరుగుదల హద్దు చూపే గీత ఉంటుంది, స్క్రాచర్లు ఉన్నాయన్న ధీమాతో దాన్ని చూడటం మానకండి.

రెండు పక్కలూ సమానంగా అరుగుతాయని అనుకోకండి. ఇక్కడ బాటకు కుడివైపున నడుపుతాం. కుడి మొనకు అంచు దగ్గరి వదులు మంచు దొరుకుతుంది, ఎడమది బాట మధ్యలోని రాతిలాంటి మంచుతో రోజంతా కుస్తీ పడుతుంది. నా బండికి ప్రతి ఏడాదీ ఎడమదే ముందు పోతుంది. అందుకే సీటు వెనక సంచిలో ఎడమవైపు కేబుల్ ఒకటి, దాని బోల్టుకు సరిపడే రెంచి ఒకటి ఎప్పుడూ ఉంచుతాను.